తీగకు బరువు, నాలుకకు వేడి

కొండమేక గెంతిన గెంతుకు రాతిపలక జానెడు కుంగింది. అంతవరకూ తుహినకోన నిండా ఒకే ధారగా సాగుతున్న ఝుంకారం ఉన్నట్టుండి రెండుగా చీలి, ఒక స్వరం మీద మరో స్వరం ఎక్కి దిగుతున్నట్టు "వూం... వూం... వూం" అని కొట్టుకోసాగింది. గవిద్వారం నెత్తిన గూటిలో ముడుచుకు పడుకున్న భూతం చేటలంత చెవులు రిక్కించింది. దానికి కళ్లు లేవు. కళ్లు ఉండవలసిన చోట నున్నటి చర్మం ఉంది. మేక రెండో అడుగు వేసే లోపల పొడవాటి చెయ్యి ఒకటి కిందికి జారి, దాని మెడ దొరకబుచ్చుకుని పైకి లాక్కుపోయింది. మేక అరవలేదు. అరిచే వ్యవధి దానికి దొరకలేదు.

పలక తిరిగి పైకి లేచింది. రెండు స్వరాలూ ఒకటయ్యాయి. భూతం చెవులు వాల్చి, ఆ ఝుంకారాన్నే జోలపాటగా వింటూ మళ్లీ నిద్రలోకి జారుకుంది.

బండ చాటున బోర్లా పడుకుని ఇదంతా చూసిన గగనుడు బండకు మరింత అతుక్కుపోయాడు. ఊరూరా గడలు పాతి, తాడు మీద నడిచి, జనం చేత చప్పట్లు కొట్టించుకునే ఆటగాడతను. భయమంటే ఏమిటో తెలియదని రాజసభలో గొప్పలు చెప్పి బయలుదేరాడు. ఇప్పుడు తెలిసింది. అతని పక్కన మాణిక్యధార యువరాణి తరళ మగవేషంలో ఉంది. జుట్టంతా తలపాగా కింద దోపుకుంది. వాళ్లిద్దరి నడుమ వెదురుబుట్టలో, ఉప్పులో సగం పాతిపెట్టిన మనిషి తల ఒకటి ఉంది.

"చూశారా! చూశారా నా పనితనం!" అంది ఆ తల ఉబ్బిపోతూ.

ఈ తల ఎవరిదో చెప్పుకోవాలి. హిమకరాళుడనే మాంత్రికుడు తన గవికి కాపలా యంత్రం కట్టించుకున్నాడు. కట్టినవాడు ఘటికాచారి. పని పూర్తయిన రోజునే, అలాంటిది ఇంకెవరికీ కట్టిపెట్టకుండా మాంత్రికుడు అతని తల నరికించి ఉప్పుమడుగులో పారేయించాడు. నరికిన కత్తి మంత్రపుకత్తి కావడంతో తలకు చావు రాలేదు. నిన్న ఆ మడుగు గట్టున వెళుతూ ఎవరో తుమ్మినట్టు వినబడి వెతికితే, గగనుడికి ఆచారి తల దొరికింది. దొరికినప్పటి నుంచి అది మాట్లాడుతూనే ఉంది.

తరళకు వచ్చిన కష్టం చిన్నది కాదు. ఆమె అన్న, యువరాజు అమరకేతుణ్ణి హిమకరాళుడు పున్నమినాడు వేటలోంచి ఎత్తుకుపోయాడు. మనుషులను తెచ్చి గవిలో రాతిపీఠాల మీద కూర్చోబెట్టి, వాళ్ల ఒంట్లోని వెచ్చదనాన్ని కొంచెం కొంచెంగా లాగేసుకోవడం వాడి విద్య. అమావాస్య వచ్చేసరికి కూర్చున్న మనిషిలో చివరి వేడి కూడా పోతుంది. ఆ తరువాత లేచి తిరిగేది మనిషి కాదు, శవమూ కాదు. అమావాస్య రేపే.

"ఆచారిగారూ, మీ పనితనం తరవాత పొగుడుకుందాం గానీ, లోపలికి ఇంకో దారుందా?" అన్నాడు గగనుడు.

"ఉంది. కింద గోతిలోకి చిన్న తలుపొకటి పెట్టుకున్నా, యంత్రానికి నూనె పోయడానికి. లోపలి గడియ. బయటి నుంచి నీ తాత వచ్చినా తెరవలేడు."

"అయితే ఈ పలక మీంచే పోవాలి."

"పోలేవురా. అబ్బో, నా తీగలను దాటి పోతావా?"

తరళకు ఓపిక నశించింది. బుట్టను తన వైపు తిప్పుకుని, "ఆచారిగారూ, ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో ముందు చెప్పండి. మా అన్నయ్యకు రేపటిదాకానే గడువు," అంది. ఆ మాట ఆచారికి సూటిగా తగిలింది. తల గొప్పలు ఆపింది. అది చాలా అరుదైన సంగతి.

"చెప్తా తల్లీ. అటు చూడు."

మంచుపొర చీలిన చోట గవిముఖం కనబడింది. స్ఫటికశిలలు కోరల్లా వేలాడే ఆ ద్వారం ముందు పాతాళంలాంటి గోయి. గోతి మీద వంతెనలా ఒక నల్లరాతిపలక. దాని భారమంతా పైకొండకు బిగించిన ఒకే ఒక ఇనుపతీగ మోస్తోంది. ఆ తీగ పక్కనే, అంతే పొడవుతో, అంతే లావుతో మరో తీగ కిందికి దిగి, గోతి లోపల పలకంత బరువున్న ఒక రాతిగుండును మోస్తూ వేలాడుతోంది. సెలయేటి ధార తిప్పే చక్రం ఒకటి, అంచుకు గుగ్గిలం పూసుకుని, రెండు తీగలనూ ఒకేసారి రాపాడిస్తూ నిర్విరామంగా తిరుగుతోంది. కోనలో వినిపించే ఝుంకారం ఆ రాపిడిదే. చక్రానికి ఒక రెక్క విరిగి ఉంది. అది నీళ్లను తాకిన ప్రతిసారీ "టక్" మంటోంది.

"పలక మీద ఎవరు కాలు మోపినా ఆ బరువుకి తీగ ఇంకాస్త బిగుస్తుంది. బిగిసిన తీగ స్వరం పైకి లేస్తుంది. ఎంత బరువో అంత పైకి. గువ్వ వాలితే ఒక రకం, గుర్రమెక్కితే ఒక రకం. దానికి ఆలస్యమనేదే తెలీదు తల్లీ. నువ్వు అడుగు పెట్టడం, అది చెప్పడం ఒకేసారి," అన్నాడు ఆచారి.

ఆయన మాట పూర్తి కాకుండానే మబ్బు విడి, ఎండ కత్తివాదరలా కోనలోకి దిగింది. ఝుంకారం మెల్లగా మంద్రానికి జారింది. తాళ్లతోనే పుట్టి పెరిగిన గగనుడికి అది వెంటనే తెలిసిపోయింది.

"తీగ సడలుతోంది!" అన్నాడు ఆశగా. "ఎండకి ఇనుము సాగుతుంది కదా. ఆచారిగారూ, అయితే పని సులువే. తీగకి మంటపెట్టి సడలించి, నా బరువుతో మళ్లీ బిగిస్తే లెక్క సరిపోదూ?"

తల కిసుక్కున నవ్వింది.

"వచ్చాడయ్యా తెలివైనవాడు! వేడికి తీగ అబద్ధం చెబుతుందని నాకు తెలీదనుకున్నావా? అందుకేగా రెండోది కట్టింది. పక్కనున్న జంట తీగ ఎవరినీ మోయదు. ఎండొచ్చినా చలొచ్చినా రెండూ కలిసే సడలుతాయి, కలిసే బిగుస్తాయి. ఇప్పుడు విను, స్వరం దిగింది, కానీ చీలిందా? భూతం కదిలిందా? ఆ వెధవకి స్వరం ఎంతన్నది పట్టదు. రెండూ ఒకటిగా ఉన్నాయా లేదా, అంతే. నువ్వు ఒకదానికి మంటపెట్టు, తేడా వస్తుంది. రెంటికీ మంటపెట్టు, నీ బరువు తేడా అలాగే ఉంటుంది. ఎటు చూసినా భూతం నీ మెడ నలిపేస్తుంది."

గగనుడు మొహం గంటు పెట్టుకున్నాడు. ఇంతలో తరళ అతని చెయ్యి గట్టిగా పట్టుకుని గోతి అంచుకేసి చూపించింది.

అక్కడ గవిద్వారం పక్కన, ఎండ సోకని గోడకు ఒక కొస బిగించి, రెండో కొస గాలిలో వదిలేసిన సన్నని లోహపు పట్టీ ఉంది. మనిషి చేతంత పొడవు. ఒక వైపు ఎర్రగా, ఒక వైపు నల్లగా ఉంది. ఎండకు బెదిరిన గబ్బిలమొకటి ఎగిరొచ్చి దాన్ని పట్టుకుని తలకిందులుగా వేలాడింది. ఏమీ కాలేదు. ఏమీ కాదులే అనుకునేంతలో పట్టీ కొస నెమ్మదిగా, కంటికి ఆనీ ఆననంత నెమ్మదిగా, నల్లవైపుకు వంగడం మొదలుపెట్టింది. వంగి వంగి, ఎదురుగా ఉన్న మేకును తాకింది. అంతే! ద్వారబంధంలోంచి కత్తుల తెర ధడేలున దిగింది. గబ్బిలం రెక్కలు రెండూ వేర్వేరుగా గోతిలో పడ్డాయి. తెర దానంతటదే పైకి వెళ్లిపోయింది.

"అది వేడినాలుక," అన్నాడు ఆచారి. ఈసారి గొంతు తగ్గించాడు. "రాగిరేకూ ఇనపరేకూ కలిపి అతికించా. వేడి తగిలితే రెండూ సాగుతాయి, రాగి ఎక్కువ సాగుతుంది. విడిపోయే వీల్లేదు కాబట్టి పట్టీ ఇనుము వైపు వంగుతుంది. చల్లబడితే మళ్లీ నిటారు. కానీ అది సోమరిదిరా. వేడి దాని ఒంట్లోకి ఎక్కాలి కదా, అప్పటిదాకా కదలదు. పరుగున పోయేవాణ్ణి అది పట్టుకోలేదు."

"మరి దాన్నెందుకు పెట్టారు?" అంది తరళ.

"తీగకి బరువొక్కటే తెలుసమ్మా. హిమకరాళుడి శత్రువుల్లో గాలిలో తేలి వచ్చే మంత్రగాళ్లున్నారు. వాడూ అలాంటివాడే, ఒంట్లో బరువుండదు, తీగ వాళ్లను పసిగట్టలేదు. అయితే ఊపిరి ఉన్నవాడికి వేడి ఉంటుంది, నాలుక పట్టేస్తుంది. ఇంకొంతమంది శవాలను లేపి పంపిస్తారు. వాటికి వేడుండదు, నాలుక ఊరుకుంటుంది. బరువుంటుంది కాబట్టి తీగ అరుస్తుంది. ఒకదానికి దొరకనిది రెండోదానికి దొరుకుతుంది. నా బిడ్డలిద్దరూ ఇంతవరకూ తప్పు చెప్పలేదు."

తరళ ఆ జంట తీగలను రెప్పవేయకుండా చూస్తోంది. ఆమె మనసులో ఏదో మెదిలింది. ఒక్కసారిగా లేచి కూర్చుంది.

"రెండూ ఒకటిగా ఉన్నాయా లేదా, అంతే కదా ఆచారిగారూ భూతానికి కావలసింది?"

"అంతే."

"గగనుడు పలక మీద కాలు పెట్టే క్షణానికే, అంతే బరువు జంట తీగ గుండు మీద కూడా పడితే?"

తల నోరు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. ఉప్పు రాలింది. యంత్రం కట్టిన ఇన్నాళ్లలో ఆ ఊహ ఆయనకే రాలేదు. గోతిలోకి దిగి ఆ గుండెక్కే మనిషి ఒకడుంటాడని ఎవరనుకుంటారు?

"రెండు స్వరాలూ కలిసే లేస్తాయి," అన్నాడు చివరికి. "భూతం నిద్రలేవదు. అయ్యో, నా యంత్రం!"

"నేను గుండెక్కుతాను," అంది తరళ.

"వద్దమ్మా, మీరొద్దు," అన్నాడు గగనుడు గాభరాగా. "ఆ గోతిలో ఏముందో ఏమో. నేను దిగుతా, మీరు పలక మీద..."

"లోపల పీఠం మీద నుంచి మా అన్నయ్యను భుజాన వేసుకుని నేను మోయగలనా? చిన్నప్పుడు నన్ను భుజాన వేసుకుని తిప్పింది వాడు. ఈసారి నువ్వు మోసుకురా గగనా. నీకు దణ్ణం పెడతాను."

యువరాణి అంత మాట అన్నాక గగనుడు బుట్టను భుజాన తగిలించుకున్నాడు.

చకచకా పనులు సాగాయి. కూలిన దేవదారు మాను ఒకదాన్ని బండ మీద అడ్డంగా పెట్టి, ఒక కొసన గగనుడు బుట్టతో సహా కూర్చున్నాడు. మరో కొసన తరళ కూర్చుని, మాను సరిసమానంగా నిలిచేదాకా నడుముకు కట్టుకున్న సంచిలో రాళ్లు వేసుకుంది. తరువాత మంచు కరిగిన గుంటలోంచి నీలంగా ఉన్న బంకమన్ను తోడి ఇద్దరూ ఒళ్లంతా దట్టంగా పట్టించుకున్నారు. ఒంటి వేడి బయటికి రాకుండా కాసేపు కాస్తుంది ఆ మన్ను. చలి ఎముకల్లోకి దిగింది. కాసేపటికి తరళ తన చేతులు చూసుకుని, "నా వేళ్లు నావి కానట్టున్నాయి. గిల్లినా తెలియడం లేదు," అంది.

"మంచిదే తల్లీ. నాలుకకూ తెలియదు," అన్నాడు ఆచారి.

గోతిలోకి సెలయేటి నీరు పోయే తూము ఉంది. తరళ దాంట్లోంచి పాకుతూ దిగింది. ఆమె నడుముకు కట్టిన దారం రెండో కొస గగనుడి చేతిలో ఉంది. దారం రెండుసార్లు కదిలింది. గుండు పక్కన గట్టు మీద నిలబడ్డానని దానర్థం. గగనుడూ రెండుసార్లు లాగాడు. విరిగిన రెక్క నీటిని తాకే చప్పుడే ఇద్దరికీ సంకేతం.

టక్.

గగనుడు పలక మీద కాలు మోపాడు. ఝుంకారం జివ్వున పైకి లేచింది. లేచింది గానీ చీలలేదు. నూనెధారలా ఒకటిగానే సాగింది. నెత్తిమీద భూతం గురక లయ తప్పలేదు. దాని నోట్లోంచి మేక రక్తం చుక్క ఒకటి అతని భుజం మీద పడింది. గగనుడు వేడినాలుక పక్కనుంచి ఊపిరి బిగబట్టి, తాడు మీద నడిచినట్టే నడిచాడు. నాలుక కదల్లేదు. పలక చివర నిలబడి మళ్లీ ఆ చప్పుడు కోసం చెవులప్పగించాడు.

టక్. అతను ద్వారంలోకి గెంతిన క్షణానే కింద తరళ గుండు మీంచి గట్టు మీదికి దూకింది. స్వరాలు రెండూ కలిసే దిగాయి.

"అమ్మ యువరాణీ!" అన్నాడు ఆచారి, గొంతులో మెచ్చుకోలు దాచుకోలేక.

లోపల హిమకరాళుడి సభామంటపం! వాడి జాడ మాత్రం లేదు. మరకతాల మీద మంచు పేరుకున్న స్తంభాలు, పగడపు లతలు చెక్కిన కప్పు, వెన్నెలను గడ్డకట్టించి పరిచారా అనిపించే నేల. చూసేందుకు రెండు కళ్లూ చాలని ఆ సౌందర్యం నడుమ, వరసలు వరసలుగా రాతిపీఠాలు. ప్రతి పీఠం మీదా ఒక మనిషి. సైనికులు, సార్థవాహులు, పసుపు కాళ్లతోనే ఎత్తుకొచ్చిన పెళ్లికూతురు, ఒడిలో పాలగిన్నెతో ఒక గొల్లముసలి. అందరూ కళ్లు తెరుచుకునే ఉన్నారు. ఒక్కరి నోటి నుంచీ ఆవిరి రావడం లేదు. ప్రతి మెడలోనూ పతకంలా చిన్న వేడినాలుక వేలాడుతోంది.

"ఇవీ నావే," అన్నాడు ఆచారి. ఈసారి గొప్ప లేదు. "ఎందుకని అడక్కుండానే చేసిచ్చా. పతకం వంగి ఉంటే లోపల ఇంకా వేడి మిగిలుందని లెక్క. నిటారుగా ఉంటే... చూడరా, ఒక్కటన్నా వంగి ఉందేమో."

గగనుడు పరుగు పరుగున వరసలు దాటాడు. నిటారు. నిటారు. పెళ్లికూతురిది నిటారు. గొల్లముసలిది నిటారు. పరుగెత్తే కొద్దీ అతని ఒంటి మన్ను బీటలు వారి, పెళ్లలు పెళ్లలుగా రాలుతోంది. చివరి వరసలో ఒక పీఠం మీద మాణిక్యధార రాజచిహ్నమున్న నడికట్టు కనబడింది. గగనుడి ప్రాణం లేచివచ్చింది.

పీఠం మీద మనిషి లేడు.

"తప్పించుకున్నాడు!" అన్నాడు గగనుడు ఆనందం పట్టలేక. "ఆచారిగారూ, యువరాజు తనే లేచి వెళ్లిపోయాడు! అదుగో, నూనె తలుపు తెరిచే ఉంది!"

మంటపం ఆ చివర, గోతిలోకి ఉందని ఆచారి చెప్పిన చిన్న తలుపు బార్లా తెరిచి ఉంది. పీఠం దగ్గర్నుంచి ఆ తలుపుదాకా నేల మీది నూగుమంచులో అడుగుల గుర్తులు ఉన్నాయి.

ఆచారి చూపు ఆ అడుగుల మీదే ఉంది.

గగనుడు తలుపుకేసి ఒక అడుగు వేశాడు. అప్పుడు వెనక బట్టలు రెపరెపలాడిన చప్పుడు. తిరిగి చూశాడు. కూర్చున్నవాళ్లందరి తలలూ అతని వైపు తిరిగి ఉన్నాయి. ఇందాక తిరిగి లేవు. గొల్లముసలి అతనికేసి వంగుతోంది, చలిమంటకేసి వంగినట్టు. పెళ్లికూతురు చేతులు చాపింది. పాలగిన్నె నేల మీద పడి దొర్లింది.

"నీ మన్ను రాలిపోయిందిరా!" అరిచాడు ఆచారి. "నీ వేడి తగిలింది వాళ్లకి! వెచ్చగా ఎక్కడుంటే అటే పోతారు, పరుగెత్తు!"

వరసలు వరసలుగా లేచారు. కేకలు లేవు, అడుగుల చప్పుడు కూడా లేదు. తలుపుకు అడ్డంగా నలుగురు నిలబడ్డారు. ఒక చల్లని చెయ్యి గగనుడి మోచేతిని తాకింది. తాకిన మేరా చర్మం తెల్లబడి మొద్దుబారింది. గగనుడు ఆ చెయ్యి విదిలించుకుని స్తంభం మీదికి ఎగబాకి, ఒక పగడపులత నుంచి మరో లతకు వేలాడుతూ, కింద చాచిన చేతుల మీదుగా ఆటగాళ్లకు మాత్రమే చేతనైన గెంతులతో మంటపం దాటి ద్వారం దగ్గర దిగాడు. బుట్టలో తల రామరామ అనుకుంటోంది.

గవిద్వారం. పలక. అవతల పగటి వెలుగు. వెనక నెమ్మదిగా, తొందరేమీ లేకుండా వస్తున్న చల్లని జనం.

లోపలికి పోయేటప్పుడు ద్వారబంధానికి కట్టి వదిలిన దారాన్ని రెండుసార్లు లాగాడు. కింది నుంచి రెండుసార్లు జవాబొచ్చింది. తరళ సిద్ధంగా ఉంది!

టక్.

ఇద్దరూ ఒకేసారి అడుగు వేశారు. స్వరం లేచింది, చీలలేదు. గగనుడు రెండో అడుగు వేశాడు. అలవాటు కొద్దీ వేడినాలుక కేసి చూశాడు. అది కొద్దిగా వంగి ఉంది. అతను లోపలికి వెళ్లినప్పుడు నిటారుగా ఉన్నది, ఇప్పుడు మేకుకేసి పావువంతు దారి వచ్చింది. కింద తూములో పాకి, గుండెక్కి దిగిన తరళ ఒంటి మన్ను కూడా రాలిపోయి ఉండాలి. ఆమె వెచ్చదనం గోతిలోంచి పైకి వస్తోంది. ఇంకా వ్యవధి ఉంది. మూడో అడుగు.

వూం.

గగనుడు నిలువునా ఆగిపోయాడు. అతను కదల్లేదు. పలక బరువు మారలేదు. మారింది రెండో తీగ. దాని స్వరం పైకి లేచింది, ఇంకా లేస్తోంది.

వూం... వూం...

"గుండు మీద ఇంకెవరో ఎక్కారు," అన్నాడు ఆచారి గుసగుసగా. "ఇప్పుడక్కడ ఇద్దరు."

నెత్తిమీద గురక ఆగింది. అదే క్షణంలో గోతిలోంచి తరళ గొంతు వినిపించింది. ఏడుపూ నవ్వూ కలిసిన గొంతు.

"గగనా! అన్నయ్య! అన్నయ్య వచ్చాడు గగనా! తలుపులోంచి తనంతట తనే నడిచి వచ్చాడు! నా చెయ్యి పట్టుకున్నాడు!"

గగనుడి గుండె ఉప్పొంగింది. పున్నమి నుంచి తరళ కన్న కల ఫలించింది. కేక వేయబోయి నోరు తెరిచాడు. అంతలో చూపు పక్కకు పోయింది.

వేడినాలుక కదులుతోంది.

ఇద్దరు మనుషుల వెచ్చదనం కింద ఉంటే అది మేకుకేసి ఇంకాస్త వంగాలి. అది వెనక్కి వెళుతోంది. వంగిన కొస మెల్లమెల్లగా, కంటికి ఆనీ ఆననంత మెల్లగా, నిటారవుతోంది. గోతిలో బరువు పెరిగింది. వేడి తగ్గుతోంది.

"ఆచారిగారూ," అన్నాడు గగనుడు. "ఆమె చేతులు మొద్దుబారి ఉన్నాయి. ఆ చెయ్యి చల్లగా ఉందని ఆమెకు తెలియదు."

గూటిలోంచి చేటలంత చెవి ఒకటి కిందికి వాలింది. పొడవాటి వేళ్లు బండ అంచు పట్టుకున్నాయి. ఆచారి దాన్ని చూడటం లేదు. నాలుకనే చూస్తున్నాడు. ఉప్పు అట్టకట్టిన ఆ చెంపల మీద నీళ్లు కారుతున్నాయి.

"తప్పయి ఉంటుందిరా," అన్నాడు. "నా యంత్రమే తప్పు చెబుతోందేమో. అతుకు సరిగ్గా వెయ్యలేదేమో నేను. తప్పని చెప్పరా, గగనా!"

గగనుడు బుట్టను గుండెలకు హత్తుకుని, భూతం చెయ్యి మెడను తాకే లోపల, పలక మీంచి గోతిలోకి దూకాడు.

"మెల్లగా పట్టుకో అన్నయ్యా," అంటోంది తరళ కింద చీకట్లో, నవ్వుతూ. "నేనెక్కడికీ పోను."